కింది లైను

బాత్‌రూం కడిగే యాసిడ్ సీసా జారి రాజీ ముంజేతి మీద ఒలికింది. ఆమె కేకకు పదో తరగతి చదివే కూతురు సౌందర్య ఉరికొచ్చి, నాయినమ్మ బుచ్చవ్వ తమలపాకుల సంచిలోంచి సున్నం డబ్బీ తీసింది.

"సున్నమెందుకే?" అంది బుచ్చవ్వ.

"తేనెటీగ కుడితే నువ్వు పూస్తలేవా అవ్వా? ఆమ్లం, క్షారం కలిస్తే ఉప్పు, నీళ్లయితయి. తటస్థీకరణ అంటరు. పరీక్షల రాస్తే ఫుల్ మార్కులేసిండ్రు!"

బుచ్చవ్వ మనుమరాలి చెయ్యి ఒడిసి పట్టుకుంది. "అమ్మను ఇంకింత కాలుస్తవా? నీ పుస్తకంల దాని కింది లైనుల ఏముంది?"

"ఏముంది?"

"వేడి పుడతదని ఉంది. నల్లా ఇప్పు!"

నీళ్ల ధార కింద కోడలి చేతిని చాలాసేపు కదలనివ్వలేదు బుచ్చవ్వ. ఏడుపు మూలుగులోకి దిగాక, "ఇగ ఆటో పిలువు, దవాఖానకు పోదాం" అంది.

"నీకెట్ల తెలుసు అవ్వా?"

"నాకు సదువు నేర్పింది నువ్వే గదనే. నీ సైన్సు పుస్తకం కూడబలుక్కుంట సదువుతుంటే, 'గా లైను పరీక్షల రాదు, ఇడిచిపెట్టు' అన్నవు. నేను ఇడిచిపెట్టలే."

సౌందర్య సున్నం డబ్బీకి మూత పెట్టి, సంచిలో వేసి, ఆటో కోసం బయటికి ఉరికింది.