అత్తారింట్లో అజ్ఞాతవాసం

"ఇవాళ్టికి నీకు చేతులు లేవనుకో," అన్నాడు లాయరు కిబుక ఫోన్లో. "ఎవరేమిచ్చినా అందుకోకు. కోర్టు కాగితం నీ చేతిలో పడిందా, రేపటి ప్రమాణస్వీకారం ఆగినట్టే. పడలేదా, ఐదేళ్ళు మెంబరువి. కేసు దాని దారిన అది సాగుతూనే ఉంటుంది."

"ఇంతకీ వేసిందెవరు?"

"అడక్కు. తెలియకపోతే, తెలియదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు."

సెంగెండో మళ్ళీ అడగలేదు. తూర్పు ఆఫ్రికా శాసనసభకి దేశం తరఫున వెళ్ళే తొమ్మిది మందిలో తనొకడు. రేపే అరూషాలో ప్రమాణం. సాయంత్రం విమానం. కొత్త సూటు కారులో హ్యాంగరుకి వేలాడుతోంది. పొద్దున్నుంచీ అతను పేపరబ్బాయి దగ్గర పేపరు తీసుకోలేదు. అభినందించడానికొచ్చిన పక్కింటాయనకి చెయ్యివ్వకుండా నమస్కారం పెట్టి వచ్చేశాడు.

విమానం వేళ దాకా దాక్కోవాలి. అందుకని మసాకా రోడ్డులో అత్తారింటికి వచ్చిపడ్డాడు. కబురంపకుండా ఏ అల్లుడూ ఆ గడప తొక్కడు. తొక్కినా సుఖం లేదు. వాళ్ళ ఆచారంలో అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు, ఆవిడ చేతి మీదుగా మంచినీళ్ళు కూడా పుచ్చుకోకూడదు. మధ్యలో తెర కట్టుకుని అటొకరు ఇటొకరు కూర్చోవాలి. ఇంత అవస్థ ఎవరైనా కోరి తెచ్చుకుంటారని కోర్టువాళ్ళు కల్లో కూడా అనుకోరు.

"కబురంపకుండానే వచ్చారే, అల్లుడుగారూ!" అంది తెర వెనకనుంచి అత్తగారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై ఎన్నేళ్ళయినా గొంతులో బెత్తం అలాగే ఉంది.

"చిన్న చిక్కొచ్చింది అత్తయ్యగారూ. సాయంత్రం దాకా నేనిక్కడున్నట్టు ఎవరికీ తెలియకూడదు."

విషయమంతా చెప్పాడు. తెర వెనక పల్లీలు దంచుతున్న చప్పుడు మెల్లగా సాగుతోంది.

"అయితే మీ చేతికి కాగితమిస్తే చాలా?"

"అంతే. అందుకే కదా ఈ పరుగులు!"

"ఓట్లెన్నొచ్చాయి మీకు?"

సెంగెండోకి నవ్వొచ్చింది. "ఓట్లెందుకు అత్తయ్యగారూ? పార్టీవాళ్ళు పేర్లు చదివారు. సభలో బల్లలు చరిచారు. అయిపోయింది."

దంపుడు ఆగింది.

"మా బళ్ళో క్లాసు లీడరుకి కూడా పెట్టె పెట్టి ఓట్లేయించేదాన్ని."

"ఇదేమన్నా బడా?"

"కాదులెండి," అంది ఆవిడ. మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. ఈసారి కొంచెం గట్టిగా.

సెంగెండో కూర్చోలేక లేచాడు. కిటికీ దగ్గరికెళ్ళాడు, వచ్చాడు, కూర్చున్నాడు, లేచాడు. రోడ్డు మీద లారీ హారను కొడితే ఉలిక్కిపడ్డాడు. పెరట్లో కోడి అరిస్తే సోఫా వెనక్కి నక్కాడు.

"అలా తిరిగితే నేల అరుగుతుంది, బావా," అంది మరదలు. ఆ పిల్ల పేరు నాసొలో. చేతిలో టీ కప్పు ఉంది.

"అక్కడ పెట్టమ్మా. చేతికివ్వకు."

"అమ్మో, మెంబరుగారి దర్జా!"

మధ్యాహ్నం దాటాక గేటు దగ్గర మోటారుసైకిలు ఆగింది. హెల్మెట్టుతో ఒకడు దిగాడు. చంకలో తోలు సంచీ. సెంగెండో సోఫా వెనక మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

అత్తగారు తల మీద గుడ్డ కప్పుకుని పెరటి దారిన గేటుకి వెళ్ళింది. ఏదో మాట్లాడింది. మోటారుసైకిలు వెళ్ళిపోయింది.

"నా పేరడిగాడా?" అన్నాడు, ఆవిడ తెర వెనక్కి వచ్చిన అలికిడి కాగానే.

"లేదు. నా పని మీద వచ్చాడు. పంపించేశాను."

"అబద్ధమైనా ఎంత తొణక్కుండా చెప్పారు! ప్రాణం నిలబెట్టారు అత్తయ్యగారూ."

"పెద్దపెద్ద మాటలెందుకు లెండి."

ఆ ధైర్యంతో అతనికి నోరు లేచింది. "ఆ కేసు వేసినవాడెవడో గానీ బొత్తిగా పనీపాటా లేనివాడు. ఇంట్లో మాట వినేవాళ్ళుండరు. ఊరిమీద పడతారు ఇలాంటివాళ్ళు."

"నిజమే," అంది అత్తగారు. "ఇంట్లో నా మాటా ఎవరూ వినరు."

నాసొలో అతను ముట్టని టీ కప్పు తీసుకుని గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల గిన్నె కిందపడింది. ఎవరో నవ్వు ఆపుకుంటున్నట్టు దగ్గు వినిపించింది.

ఎండ వాలకముందే డ్రైవరు కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. సెంగెండో కిటికీలోంచి అటూ ఇటూ చూశాడు. రోడ్డు మీద పురుగు లేదు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఇక కారెక్కితే విమానాశ్రయం, విమానమెక్కితే అరూషా.

"వెళ్ళొస్తాను అత్తయ్యగారూ. మీ మేలు ఈ జన్మలో మరిచిపోను."

"ఉత్త చేతుల్తో పంపిస్తామా? ప్రయాణమంటే దారి బత్తెం ఉండొద్దూ!"

నాసొలో తెర దాటి వచ్చింది. చేతుల్లో అరటాకు మూట. ఉడికించిన అరటికాయ ముద్ద, పల్లీల కూర వాసన గదంతా గుప్పుమంది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని సెంగెండోకి కళ్ళు చెమర్చాయి.

అత్తవారిచ్చిన బత్తెం నిలబడి తీసుకోకూడదు. ఒంటిచేత్తో అసలే తీసుకోకూడదు. అతను తెర ముందు మోకరిల్లాడు. తల వంచాడు. రెండు చేతులూ చాచి, మూటని భక్తిగా అందుకుని గుండెకి హత్తుకున్నాడు.

"కూర ఒలకకుండా పట్టుకోండి అల్లుడుగారూ, ముద్ద కింద మీ కోర్టు కాగితం ఉంది," అంది తెర వెనకనుంచి అత్తగారు, "కేసు వేసిన పనీపాటా లేని మనిషిని నేనే."