నలభై ఒక్కమంది

కెనడాలోని సడ్బరీ నికెల్ గనిలో జొసీ షిఫ్టు బాస్‌గా చేరిన మొదటిరోజు, గేటు దగ్గర ఒక ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"అమ్మాయ్, నన్నొక్కసారి కిందికి తీసుకెళ్తావా?"

లిఫ్టు దగ్గర పాతికమంది మగవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"ఏం బాస్, మీ మామ్మకి కూడా డ్యూటీ వేస్తున్నావా?" ఎవడో అరిచాడు. మిగతావాళ్ళు గొల్లున నవ్వారు.

జొసీ చెవులు ఎర్రబడ్డాయి.

"కుదరదు మామ్మగారూ. పర్మిషన్ ఉండాలి. పైగా బాస్‌గా ఇవాళే నాకు మొదటిరోజు."

"నువ్వా? బాస్‌వా?"

"ఏం, కాకూడదా?"

పుల్లవిరుపుగా అన్నా ఆవిడ నొచ్చుకోలేదు. జొసీ మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది.

"కింద ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారే?"

"నలభై ఒక్కమంది."

"నలభై ఒక్కమందా!" ఆవిడ జొసీ చెయ్యి వదిలింది. "వెళ్ళు తల్లీ, వెళ్ళు. మొదటిరోజే రూలు తప్పావంటే వీళ్ళు నిన్ను బతకనివ్వరు."

ఒక కాగితమ్ముక్క మీద ఓడీల్ అని పేరు, ఫోన్ నంబరు రాసిచ్చి, దగ్గుకుంటూ బస్‌స్టాపు వైపు వెళ్ళిపోయింది.

ఆ చూపు జొసీని వదల్లేదు. మర్నాడే మేనేజర్‌ని పర్మిషన్ అడిగింది.

"ఎవరావిడ? మీ చుట్టమా?"

"కాదు సార్. ఎవరో పెద్దావిడ. ముచ్చటపడింది పాపం."

పర్మిషన్ వచ్చేసరికి మూడు వారాలు పట్టింది. ఆ సాయంత్రమే జొసీ ఓడీల్‌కి ఫోన్ చేసింది.

"మా అక్క మొన్న మంగళవారం పోయిందండీ," అంది అవతలి గొంతు. "శనివారం చర్చిలో ప్రార్థన."

నలుగురైదుగురు ఉంటారేమో అనుకుంటూ వెళ్ళింది జొసీ. లోపల నిలబడటానికి చోటు లేదు.

ముందు వరసల నిండా తలనెరిసిన ఆడవాళ్ళు. అందరి ఒళ్ళోనూ పాత గని హెల్మెట్లు.

ఒక మూల రైనో వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. జొసీకి డ్రిల్లు పట్టడం నేర్పి రిటైరైన ముసలాయన.

"ఆవిడ మీకు తెలుసా బాబాయ్?"

"తెలియడమేంటే! కుర్రతనంలో ఆవిడ ఇంటిమీద రాళ్ళేసినవాళ్ళలో నేనూ ఉన్నాను."

జొసీ నిర్ఘాంతపోయింది. "ఎందుకు?"

"ఆడది దిగితే గనికి అరిష్టం అనేవాళ్ళం. దిగకూడదని చట్టం కూడా ఉండేది. ఆవిడ ఒక్కతీ తొమ్మిదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి దాన్ని కొట్టేయించింది."

జొసీ ముందు వరసల్లోని హెల్మెట్లనే చూస్తూ మెల్లగా అడిగింది.

"మరి ఆవిడ కింద ఎన్నేళ్ళు చేసింది బాబాయ్?"

రైనో కళ్ళు తుడుచుకున్నాడు.

"తీర్పు వచ్చేనాటికే, గని పైన రాళ్ళు పిండికొట్టే షెడ్డులో పనిచేస్తూ దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పోయాయి, డాక్టర్లు ఒక్కరోజు కూడా ఆవిడని కిందికి దిగనివ్వలేదే తల్లీ."