రేగుపొదలో నెమలి ఈకలు

నెమలి కొండమీద ఆడేది. అంత ఎత్తు ఎగరలేని పిచ్చుకలు, గాలికి కొట్టుకొచ్చిన దాని ఈకలు ఏరి రేగుముళ్లకు గుచ్చుకునేవి. పక్కనే తమ పిల్లల తొలి ఈకలూ గుచ్చి, చుట్టూ చేరి మురిసిపోయేవి.

ఒకనాడు నక్క వచ్చింది. "రాలిన ఈకలన్నీ నెమలి నాకు రాసిచ్చేసింది. ఇక్కడ నా ఈక ఒక్కటి కనబడినా పొద తగలబెడతా."

"అమ్ముకోవడం లేదయ్యా, చూసుకుంటున్నాం, అంతే," అంది ముసలి పిచ్చుక.

"చూడమని ఎవరన్నారు?"

ఏది ఎవరిదో తేల్చుకునే ధైర్యం లేక పిచ్చుకలు అన్నీ పీకేశాయి, పిల్లల ఈకలతో సహా.

మళ్లీ వానలు పడ్డాక నెమలే పొద దగ్గరికి దిగివచ్చి పురివిప్పింది. "నన్ను చూసి మురిసేవాళ్లు ఇక్కడే ఉంటారట, ఏరీ?"

పొదనిండా పిచ్చుకలే. అన్నీ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చున్నాయి.