కుడివైపు ముందు చక్రం

"బ్రేకు తొక్కితే బండి ఇంకా ఎడమకే లాగుతోంది బాబూ," అంది టీచరమ్మ, ఆర్నెల్ల తర్వాత మళ్ళీ నా షెడ్డుకొచ్చి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. రెండో ప్రపంచయుద్ధానికి ముందునాటి కారది. బ్రేక్ ఆయిల్ గొడవ లేదు. పెడల్ తొక్కితే కింద ఇనుప కడ్డీలు లాగి నాలుగు చక్రాల్నీ ఆపాలి. "బండికేం లేదమ్మా, మీ కాల్లోనే బలం తగ్గింది" అని కిందటిసారే చెప్పి పంపించాను. డెబ్భై దాటిన మనిషి, కాదనలేదు.

ఈసారి ఆవిడకే కళ్ళారా చూపిద్దామని కారును నాలుగు స్టాండ్ల మీదికి ఎత్తాను. ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టి, "గట్టిగా తొక్కిపట్టండి" అని చెప్పి ఒక్కో చక్రాన్నీ చేత్తో తిప్పి చూశాను.

మూడు చక్రాలు నా బలమంతా పెట్టినా కదల్లేదు. కుడివైపు ముందుది మాత్రం గిర్రున తిరిగింది.

కిందటిసారి నేనసలు చక్రాల డ్రమ్ములే విప్పలేదు. నాలుగూ విప్పి లోపల చక్రాన్ని పట్టి ఆపే లైనింగులు అరిగాయేమో చూడాలంటే ఒక పూట పడుతుంది. బద్ధకించి, కారు కింద దూరి కడ్డీలు రెండు చుట్లు బిగించి, అయిందనిపించాను.

ఇంకా తిరుగుతున్న చక్రాన్ని చేత్తో పట్టి ఆపాను.

సీట్లోంచి ఆయాసపడుతూ ఆవిడే అడిగింది: "ఆగాయా బాబూ? నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ రోజూ పొద్దున్నే గోడకి కాలానించి వందసార్లు తొక్కుతున్నాను. మొహమాటపడకుండా చెప్పు. ఇంకా చాలదా?"