పైగదిలో అక్క

…డాక్టరే అయితే బాగుండును. ఆ కోరిక పుట్టింది తన మనసులోనేనని గమనించి ఉదయభాస్కర్ కొంచెం జంకాడు. ఫోన్‌లోంచి డాక్టర్ అని వినిపిస్తే ఎదురుగా కూర్చున్న గణేష్‌బాబు దొంగ అవుతాడు. చిన్ననాటి స్నేహితుడు దొంగ కావాలని ఎవరైనా కోరుకుంటారా? కోరుకుంటారు. అనుమానాన్ని మోసి మోసి అలిసిపోయినవాడు ఎవరి నెత్తి మీదైనా సరే దాన్ని దించేయాలనే చూస్తాడు.

బల్ల మీద ఫోన్ మాట్లాడుతోంది. ఎవరిదో తెలియని ఆ యూట్యూబ్ ఛానెల్ ఈసారి కూడా ఉదయభాస్కర్ తన ఛానెల్లో చెప్పబోయే సినిమా కథనే, అతనికంటే ముందే, కంప్యూటర్ గొంతుతో చెప్పేస్తోంది.

"ఏంట్రా భాస్కరం, ఇది వినడానికా ఇంత ఎండలో రాజమండ్రి నుంచి రప్పించావు? మన ఛానెల్ కోసం నా గొంతు అరిగిపోతున్నది చాలదా?"

"చివరిదాకా విను."

గణేష్‌బాబు ఇందాక మెట్లెక్కుతున్న చప్పుడు వినగానే ఉదయభాస్కర్ ల్యాప్‌టాప్ మూసేశాడు. అసలు కథ అందులో ఉంది. పాత ఇటాలియన్ సినిమా. కొండ మీద పాడుబడిన కోట, పెళ్ళి రాత్రి నుంచి వరసగా హత్యలు. సబ్‌టైటిళ్ళు లేవు. ఆఫీసు నుంచి వచ్చాక ఒక్కో మాటా ఫోన్‌కి వినిపించి తెలుగు చేసుకున్నాడు. దొంగకి అంత ఓపిక ఉండదు, చేతికందిన కథనే అప్పజెప్పేస్తాడు. అందుకే ఉచ్చు పన్నాడు. గొంతిచ్చే గణేష్‌బాబుకి పంపిన కథలో హంతకుడు డాక్టర్. ఎడిటింగ్ చేసే విజయ్ పాల్‌కి పంపిన దాంట్లో తోటమాలి. నిజానికి చంపింది పెళ్ళికూతురు.

గణేష్‌బాబు నవ్వు ఆగింది.

"ఒరేయ్, నువ్వు ఫోన్ వంక చూడట్లేదు. నా మొహం చూస్తున్నావు. నన్నా అనుమానిస్తున్నావు?"

ఉదయభాస్కర్ ఫోన్ సౌండ్ పెంచాడు.

"అవునంటే చెప్పు, ఇప్పుడే లేచి పోతాను. మళ్ళీ నీ గుమ్మం తొక్కితే ఒట్టు."

"విను."

కంప్యూటర్ గొంతు తాపీగా చెప్పింది: "హంతకురాలు మరెవరో కాదు. కోటలో పైగదిలో ఏళ్ళ తరబడి బంధించి ఉంచిన పెళ్ళికూతురి అక్క!"

గణేష్‌బాబు పగలబడి నవ్వాడు.

"అక్కేంట్రా బాబూ! ఈ సినిమాలో అక్కెక్కడుంది? చంపింది డాక్టర్ కదా!"

అక్క అన్న మాట ఉదయభాస్కర్ చెవిలో పడింది. మనసు దాన్ని లోపలికి రానివ్వలేదు. గబగబా ల్యాప్‌టాప్ తెరిచి స్నేహితుడి వైపు తిప్పాడు.

"తప్పయిపోయిందిరా. ఇదిగో, అసలు ముగింపు చదువు. ఇంకెప్పుడూ నీ దగ్గర ఏదీ దాచను."

"ఓరి నీ! పెళ్ళికూతురా? నాకే దొంగ కథ రాసిచ్చావా! కాఫీతో సరిపెడితే ఊరుకోను, భోజనం పెట్టాల్సిందే."

సూర్యకళ కాఫీ గ్లాసులతో గదిలోకి వచ్చింది.

"ఏంటన్నయ్యగారూ, మీ నవ్వు కాలవ గట్టు దాకా వినిపిస్తోంది?"

"నవ్వక ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా? ఎవడో మీ ఆయన కథ కొట్టేశాడు. కొట్టేసినవాడు కొట్టేసినట్టు చెప్పొచ్చుగా? సినిమాలో లేని అక్కని తెచ్చి హత్యలు చేయించాడు!"

"అక్క లేదా?" పళ్ళెం ఒరిగి కాఫీ తొణికింది. ఆమె భర్త వైపు చూసింది. "అదేంటండీ, మరి నేను మా తమ్ముడితో అక్కే చంపిందని…"

అక్కడితో ఆగిపోయింది.

మొన్న కథ సగం విని, భయపడి దుప్పటి ముసుగేసుకుని, "చంపిందెవరో చెప్పండి, లేకపోతే నిద్రపట్టదు" అని ఆమె బతిమాలింది. ముగింపు చూసినప్పుడు ఆశ్చర్యపోవాలని, ముద్దుకొద్దీ, ఆమె ఒక్కదాని కోసమే అతను ఆ అక్కను పుట్టించాడు.

భార్య ముందు ఏనాడూ మూయని ల్యాప్‌టాప్‌ను ఉదయభాస్కర్ చప్పుడు కాకుండా మూశాడు.