మాట వినని సినిమా

ఇప్పుడు ఇళ్లల్లో ఏ సినిమా అయినా చూసేవాళ్లు చెప్పినట్టల్లా మారిపోతుంది. మా పేట గ్రంథాలయంలో శనివారం నేను ఉచితంగా వేసే సినిమా మారదు. అందుకే జనం మధ్యలో లేచి వెళ్లిపోతారు. ఈసారీ లేచి వెళ్లిపోతే ప్రదర్శనలు ఆపేస్తామన్నారు గ్రంథపాలకురాలు హైమవతి.

తెరమీద నాయిక భర్త ఆసుపత్రిలో చనిపోగానే ముందు వరుసలోని సూరమ్మగారు అలవాటుగా, "బతికించెయ్!" అని గద్దించారు. మరో నలుగురు గొంతు కలిపారు. తెర వినలేదు.

"ఇదేం సినిమా అండీ, చెబితే వినదు!" అంటూ ఆవిడ లేచారు.

"వినదమ్మా," అన్నాను. నా భార్య పోయిన రోజు నేనూ అలాగే అరిచాను.

"మరి ఆ పిల్ల ఎట్టా బతుకుద్దో?" అని ఆవిడ తెరమీది నాయికను చూస్తూ మళ్లీ కూర్చుని, పక్కావిడ చెయ్యి పట్టుకున్నారు. చివరిదాకా ఒక్కరూ కదల్లేదు. దీపాలు వెలిగాక కూడా, తప్పు డాక్టరుదా కాదా అని వాదించుకుంటూ నిలబడ్డారు.

"బాబాయిగారూ, వచ్చే శనివారం మనకు కుర్చీలు చాలవు," అన్నారు హైమవతి.