వెంట్రుకలావిడ

దేవుడికి వెంట్రుకలెందుకన్న అనుమానం హైమావతిని ఏళ్ళ తరబడి వదల్లేదు.

పూలు సరే. కొబ్బరికాయ సరే. వెంట్రుకలు ఏం చేసుకుంటాడు?

అడిగితే అపచారమేమోనని ఎవరినీ అడగలేదు.

పైగా ఆమే బాకీ పడి ఉంది. కూతురు హరితకు చిన్నప్పుడు జ్వరం ముదిరితే, పిల్ల తలనీలాలు ఇస్తానని కోటప్పకొండ స్వామికి మొక్కుకుంది. జ్వరం తగ్గింది. బడిలో నవ్వుతారని కొన్నాళ్ళు, కాలేజీలో నవ్వుతారని కొన్నాళ్ళు మొక్కు వాయిదా పడింది.

ఇప్పుడు హరిత సీఏ చదువుతోంది. రెండుసార్లు తప్పింది. మూడోసారి పరీక్షకని నరసరావుపేటలో ఇంట్లోనే, మేడ మీద గదిలో కూర్చుంది.

ఒకరోజు గేటు దగ్గర ఒకావిడ నిలబడింది. తలమీద కొంగు, భుజాన గుడ్డ సంచీ.

"అమ్మా, మీ ఇంట్లో వెంట్రుకలు..."

"ఉన్నయ్, ఉండు!"

హైమావతి మాట పూర్తి కానివ్వలేదు. దువ్వెనకొచ్చిన జుట్టును ఉండ చుట్టి గోడ కంతలో దాచడం, కొనేవాళ్ళు వస్తే స్టీలు సామానుకు మార్చుకోవడం ఆ వీధి ఆడవాళ్ళకు అలవాటే.

"నేను అందుకు రాలేదమ్మా..."

"అందరూ అట్లాగే అంటారు! గిన్నె ఇయ్యాల్సిందే. కిందటిసారి వచ్చినోడు నాలుగు పిన్నీసులు చేతిలో పెట్టి పొయ్యాడు."

ఆవిడ నవ్వుతూ ఉండ విప్పింది. నవ్వు ఆగిపోయింది.

"ఎవరి జుట్టమ్మా ఇది?"

"మా పిల్లది. బోరు నీళ్ళకు చానా ఊడుతోంది. వీధంతా ఇదే గోల."

"ఇది ఊడింది కాదు. వెంట్రుక మొదట్లో తెల్లటి తొడుగు చూడండి. వేలికి చుట్టి పీకితే ఇట్లా వస్తుంది."

"పీక్కోవడమేంది? మా పిల్లకేమన్నా పిచ్చా?"

"పిచ్చి కాదు, దిగులు. మా ఇంట్లో ఒక పిల్ల ఇట్లాగే పీక్కునేది. పుస్తకం ముందు కూర్చుంటే చెయ్యి దానంతటదే తలమీదికి పోయేది. ఎవరూ చూసుకోలేదు."

"అయ్యో! ఇప్పుడెట్లా ఉంది?"

"బాగుపడింది. కొంచెం ఆలస్యమైంది, అంతే."

ఉండను మళ్ళీ చుడుతూ అంది. "మనసు నలిగితే ఒంట్లో ఒక రసం ఊరుతుందమ్మా. అందులో కొంత వెంట్రుకలోకి దిగి ఉండిపోతుంది. నోరు బాగున్నానని చెప్పినా జుట్టు దాచుకోదు."

"వెంట్రుకలు కొనేదానివి, ఇన్ని సంగతులు ఎక్కడ నేర్చావమ్మాయ్?"

"జుట్టుతోనే కదమ్మా నా పని. పిల్లను తిట్టకండి. జడ విప్పి చూడండి. గుంటూరులో యోగేశ్ అని డాక్టరున్నాడు, మంచివాడు. తీసుకెళ్ళండి."

"సరే గానీ, నా గిన్నె ఏదీ?"

ఆవిడ సంచీలోంచి తన టిఫిన్ డబ్బా తీసింది. అరుగు మీద కూర్చుని అందులోని దద్దోజనం తినేసి, పంపు కింద కడిగి చేతికిచ్చింది. మూత మీద చుక్కలతో చెక్కిన పేరు, 'సుశీల'.

"ఇంతకీ నేను అడగడానికొచ్చింది..."

హైమావతి అప్పటికే మేడ మెట్లెక్కుతోంది.

జడ విప్పితే, హరిత చెవి వెనక రూపాయి బిళ్ళంత బోడి.

"ఏందే తల్లీ ఇది?"

హరిత తల తిప్పుకుంది. "నాన్న కొట్లో అందరికీ మా అమ్మాయి సీఏ అని చెప్పుకుంటున్నాడు. ఈసారి కూడా పోతే... నేనిక ఇంటికి రానమ్మా."

హైమావతి పుస్తకం మూసేసి కూతురి పక్కన కూర్చుంది.

"పరీక్ష మళ్ళీ వస్తదే. నువ్వు మళ్ళీ వస్తావా?"

మర్నాడే గుంటూరు బస్సెక్కారు.

"ఎవరు పంపారమ్మా?" అన్నాడు కుర్ర డాక్టరు యోగేశ్.

వెంట్రుకలు కొనే మనిషి పంపిందని చెప్పడానికి సిగ్గేసింది. "తెలిసినావిడ" అంది.

ఆ విడత పరీక్ష మానేశారు. మందుల కన్నా మాటలే ఎక్కువ పనిచేశాయి. ఏడాది తిరిగేసరికి బోడి నిండింది. హరిత నవ్వు కూడా తిరిగొచ్చింది.

ఒకరోజు యోగేశ్ అడిగాడు. మీ వయసు పిల్లల దిగులును వెంట్రుకల్లో కొలిచే పరిశోధన చేస్తున్నాం, చిటికెడు జుట్టు మొదట్లో దారం కట్టి ఇస్తారా అని.

"అది మొక్కు జుట్టు బాబూ. కత్తెర తగలకూడదు" అంది హైమావతి.

"ఆ మొక్కేదో తీర్చేద్దామమ్మా" అంది హరిత. "నవ్వేవాళ్ళు నవ్వుకోనీ."

కొండ మీద క్షురకుడు ముందుగా దారం కట్టిన పాయ తీసిచ్చి, తర్వాత గుండు చేశాడు. పక్కనే కుప్పగా పడి ఉన్న జుట్టును హైమావతి చాలాసేపు చూసింది. ఎంతమంది దిగులు ఈ కొండెక్కిందో! స్వామికి కావలసింది వెంట్రుకలు కాదు, అందులో ఉన్నది. ఆ చిటికెడు తగ్గితే ఆయనేమీ అనుకోడు.

పాయను ఆనాటి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గుంటూరు వెళ్ళింది. యోగేశ్ జుట్టు చూడలేదు. మూతనే చూశాడు.

"ఈ డబ్బా మీకెక్కడిదమ్మా?"

"వెంట్రుకలు కొనే ఆవిడ ఇచ్చింది. మమ్మల్ని మీ దగ్గరకు పంపిందీ ఆవిడే."

"కొనే ఆవిడ కాదమ్మా, మా ప్రొఫెసరు సుశీల మేడమ్. చిటికెడు జుట్టు అడగడానికి పల్నాడంతా తిరిగారు. కిందటి చలికాలంలో గుండెపోటుతో పోయారు."

"అడగనిస్తేగా నేను!" అంది హైమావతి. ప్రసాదం అందించినట్టు డబ్బాను రెండు చేతులా ముందుకు జరిపింది. "ఆలస్యమైనా ఆవిడ అడగొచ్చింది ఇదేగా. తీసుకో బాబూ."

యోగేశ్ కళ్ళకద్దుకుని తీసుకున్నాడు.

"మరి వాళ్ళింట్లో పిల్ల ఉండేదంటగా, జుట్టు పీక్కునేది? ఆ పిల్ల ఎట్లా ఉంది?"

"మేడమ్‌కు పిల్లల్లేరమ్మా. చెవి వెనక మళ్ళీ జుట్టు రాలేదని చివరిదాకా తలమీద కొంగు తీయనిది ఆవిడే."